మోకాలి గుజ్జుకి కబురందేది ఎలా?

పాఠకుల ప్రశ్నలు – డాక్టరమ్మ జవాబులు

ఊడ్పుల కాలం వచ్చిందంటే నా బల్ల మీద ఉత్తరాల కట్ట లావెక్కుతుంది. అందులో ముప్పాతిక వంతు మోకాళ్లే. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాను. ఒకే బాధ చెప్పుకున్నవాళ్లని ఒకే జవాబులో కలిపేశాను, ఏమీ అనుకోకండి.

మా అమ్మకి యాభై నాలుగేళ్లు. నర్సరీలో కూలికి వెళ్తుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా గొంతుక్కూర్చుని కవర్లలో మట్టి నింపడం, అంట్లు కట్టడం. కొన్నాళ్లుగా కుడి మోకాలు నొప్పి. ఒక డాక్టరు గారు ఎక్స్‌రే చూసి "గుజ్జు అరిగిపోయింది, నడవకు, రెస్టు తీసుకో" అన్నారు. ఇంకొకాయన "రోజూ నడువమ్మా" అన్నారు. ఎవరి మాట వినాలి? అరిగింది మళ్లీ రాదా?
– ఒక కూతురు, కడియపులంక

రెండో ఆయన మాట వినండి. కాకపోతే "నడు" అని ఒక్క ముక్క చెప్పి పంపేస్తే మీ అమ్మగారికి ఒరిగేదేమీ లేదు. పని మానుకోలేని మనిషి మోకాలు ఎలా కాపాడుకోవాలో చెప్పాలి. ముందు లోపల ఏముందో చూద్దాం.

మోకాలికి చిన్న గాటు పెట్టి కెమెరా గొట్టం పంపి చూసినప్పుడు, ఆరోగ్యంగా ఉన్న మృదులాస్థి, అంటే మీరు గుజ్జు అన్నదే, తెల్లగా, కాస్త నీలి ఛాయతో, నున్నగా మెరుస్తూ కనబడుతుంది. సన్నటి ఉక్కు పుల్లతో నొక్కితే చిన్న గుంట పడి వెంటనే పైకి లేస్తుంది. పాడవుతున్న చోట పుల్ల మెత్తగా దిగబడుతుంది. నున్నదనం పోయి పోగులు లేస్తాయి, మేం ఎక్కించే సెలైన్‌లో ఆ పోగులు అటూ ఇటూ ఊగుతుంటాయి. ఇంకా ముదిరితే పోగులూ ఉండవు, అడుగున ఎముకే. మందం ఎంతనుకున్నారు? మోకాట్లో చాలా చోట్ల 2 నుంచి 4 మిల్లీమీటర్లు. చిప్ప వెనక ఇంకాస్త ఎక్కువ. మనిషి బరువంతా మోసేది అదే.

అందులో 65 నుంచి 80 శాతం నీళ్లే. ఆ నీళ్లు కారిపోకుండా పట్టి ఉంచేది అగ్రెకాన్ అనే పెద్ద అణువు. దానికి నిండా రుణావేశం. అది సోడియాన్ని లాగుతుంది, సోడియం వెంట నీళ్లు వస్తాయి. దాంతో గుజ్జు ఎప్పుడూ ఉబ్బాలనే చూస్తుంది. ఉబ్బనివ్వకుండా కొలాజెన్ పోగులు అన్ని వైపుల నుంచీ బిగించి పట్టుకుంటాయి. ఈ రెండింటి పెనుగులాటలోనే దాని బలమంతా ఉంది. ఇక వీటన్నింటినీ తయారుచేసే కణాలు మొత్తం పరిమాణంలో 2 శాతం లోపుగానో, అటూ ఇటుగానో ఉంటాయి, అంతే.

ఆ కణాలకి రక్తనాళం లేదు. నరమూ లేదు. కాలువ పారని శివారు చేను అనుకోండి, పక్క చేలోంచి పొంగి వస్తేనే దానికి నీళ్లు. ఇక్కడ పక్క చేను కీలులో ఉండే ద్రవం. అడుగు వేసినప్పుడు గుజ్జు నొక్కుకుని కొంచెం నీరు బయటికి పోతుంది, అడుగు తీసినప్పుడు మళ్లీ లోపలికి వస్తుంది. ఆ రాకపోకల్లోనే ఆహారం అందుతుంది, చెత్త బయటికి పోతుంది. కాలు కదపకుండా మంచాన పడుకుంటే ఆ రాకపోకలు మందగిస్తాయి. వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడినవాళ్ల మోకాళ్లని ఎమ్మారైతో కొలిచి చూశారు. వాడుక లేని ఆ మోకాళ్లలో గుజ్జు పలచబడుతూ వచ్చింది. కాబట్టి పూర్తి రెస్టు అన్నది మందు కాదు. ఆ సలహా ఇప్పటికీ ఎందుకు రాస్తున్నారో నాకు బోధపడదు.

మళ్లీ రాదా అని అడిగారు. 1950ల చివర్లో, 60ల మొదట్లో దేశాలు పోటీపడి అణుబాంబులు పేల్చినప్పుడు గాలిలో కార్బన్-14 అమాంతం పెరిగింది. ఆ కాలంలో తయారైన ప్రతి కణజాలంలోనూ దాని గుర్తు ఉండిపోయింది. డెన్మార్క్ పరిశోధకులు ఆ గుర్తుని ఆధారం చేసుకుని 2016లో తేల్చిన సంగతేమిటంటే, ఎదుగుదల ఆగిపోయాక మోకాలి మృదులాస్థిలో కొలాజెన్ దాదాపుగా కొత్తది రాదు. ఇరవై ఏళ్ల వయసులో ఉన్న పోగులే డెబ్బైలోనూ. అయితే ఆ పోగుల మధ్య ఉండే అగ్రెకాన్ వంటివి మాత్రం మెల్లగా పోతూ, కొత్తవి వస్తూ ఉంటాయి. అంటే తెగిపోయిన పోగుని తిరిగి తేలేం. ఉన్న పోగుల మధ్య ఉబ్బుని నిలబెట్టుకోగలం. దెబ్బతిన్న మృదులాస్థి తిరిగి కోలుకోదని విలియం హంటర్ అనే వైద్యుడు లండన్ రాయల్ సొసైటీకి 1743లోనే రాశాడు. పాపం ఆయన మాట ఇంకా పూర్తిగా అబద్ధం కాలేదు.

ఇప్పుడు అమ్మగారి సంగతి. నేను కడియం వైపు నర్సరీల్లో చూసినంతలో, మట్టి కుప్ప నేల మీద, మనిషి ఆ కుప్ప చుట్టూ గొంతుక్కూర్చుని పక్కకి జరుగుతూ పని చేస్తుంది. లేవదు. మోకాలు పూర్తిగా ముడిచి, దాని మీద ఒళ్లు తిప్పడం, ఇదీ అసలు బాధ. నాలుగు ఇటుకల మీద పలక వేసి మట్టిని ఎత్తుకి తెచ్చి, ముందు ఎత్తైన స్టూలు వేసుకోమనండి. చిన్న పీట చాలదు, పీట మీద కూర్చున్నా మోకాలు అంతే ముడుచుకుంటుంది. యజమాని గారు ఒప్పుకోకపోతే నా పేరు చెప్పండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యాలి. ఇంట్లో కుర్చీ మీంచి చేతులు ఆనించకుండా మెల్లగా లేచి, మెల్లగా కూర్చోవడం పదిసార్లు, పూటకోసారి. తొడ కండ బలపడితే కీలు మీద పడే కుదుపు తగ్గుతుంది. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉన్నా ఫరవాలేదు. మర్నాటి పొద్దుటికి కూడా ముందు రోజుకంటే ఎక్కువ నొప్పి, వాపు ఉంటే ఎక్కువ చేశారని, సగానికి తగ్గించాలని అర్థం.

సర్/మేడమ్, నేను అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను. మృదులాస్థిలో రక్తనాళాలు, నరాలు ఉండవని మా లెక్చరర్ చెప్పారు. మరి ఎప్పుడు ఏం తయారుచెయ్యాలో, ఎప్పుడు ఆపాలో ఆ కణాలకి ఎలా తెలుస్తుంది? అడిగితే "సెల్ సిగ్నలింగ్" అని చెప్పి బెల్లు కొట్టగానే వెళ్లిపోయారు.
– ఒక విద్యార్థి, అమలాపురం

మేడమ్‌నే. మీ లెక్చరర్ గారికి బెల్లు కలిసొచ్చింది, నాకా అదృష్టం లేదు కాబట్టి చెప్పాల్సిందే.

సగం జవాబు ఒక్క ముక్కలో: బరువే కబురు. మీరు కాలేజీ మెట్లెక్కినప్పుడు గుజ్జు నొక్కుకుంటుందని పైన రాశాను కదా. కణం ఒక్కొక్కటీ తన గూట్లో ఒంటరిగా ఉంటుంది, పక్క కణాన్ని తాకదు. దాని చుట్టూ పలచటి పొర ఒకటి. నొక్కుడు పడగానే కణం ఆకారం మారుతుంది, చుట్టూ నీరు తగ్గి ఉప్పు చిక్కబడుతుంది. ఆ మార్పుని కనిపెట్టేవి కణం పైపొరలో ఉన్న కొన్ని ప్రొటీన్లు. టీఆర్‌పీవీ4 అనేది మామూలు నడకకి పడే నొక్కుడికి తెరుచుకుని కాల్షియాన్ని లోపలికి వదులుతుంది. ఆ కాల్షియం చూసి కణం అగ్రెకాన్, కొలాజెన్ తయారీ జన్యువుల్ని పనిలో పెడుతుంది. పీజో1, పీజో2 అని ఇంకో జంట ఉంది. వీటికి మామూలు నొక్కుడు ఆనదు. దూకినప్పుడు, పడినప్పుడు తగిలే పెద్ద దెబ్బకి తెరుచుకుంటాయి. అప్పుడు కాల్షియం వరదలా వచ్చిపడి కణం చచ్చిపోవచ్చు. 2014లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీవాళ్లు ఈ రెండింటినీ మూసేసే ఒక పదార్థం వాడితే దెబ్బకి చచ్చే కణాల సంఖ్య తగ్గింది. ఆ పదార్థం ఎక్కడిదనుకున్నారు? టరాంట్యులా సాలీడు విషంలోది. పీజోలని కనిపెట్టిన ఆర్డెమ్ పటపౌటియన్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

చూశారా, అదే కాల్షియం. మెల్లగా వస్తే కట్టమని, విరుచుకుపడితే చావమని. మోతాదే ఇక్కడ భాష.

రెండో సగం రసాయనాలది. వీటిలో పెద్దది టీజీఎఫ్-బీటా. ఇది గుజ్జులోనే కట్టిపడేసిన రూపంలో బోలెడంత నిలవ ఉంటుంది. నొక్కుడు వంటి కారణాలతో కట్లు తెగి కొంచెం కొంచెంగా విడుదలై, కణం మీది గ్రాహకానికి అతుక్కుంటుంది. అప్పుడు లోపల స్మాడ్2, స్మాడ్3 అనే ప్రొటీన్లు కేంద్రకంలోకి వెళ్లి రెండు పనులు చేయిస్తాయి. ఒకటి, గుజ్జుకి కావలసిన సరుకు తయారుచెయ్యడం. రెండోది ఇంకా ముఖ్యం: కణాన్ని ముదరనివ్వకపోవడం.

ముదరడం అంటే? పిల్లల ఎముకల చివర ఎదుగుదల పలకలు ఉంటాయి. అక్కడా మృదులాస్థి కణాలే. కానీ అవి ఉబ్బి పెద్దవై, పదో రకం కొలాజెన్ తయారుచేసి, చుట్టూ సున్నం పేరనిచ్చి, ఎముకకి చోటిచ్చి తప్పుకుంటాయి. మనం పొడుగు ఎదిగేది అలాగే. కీలులోని కణం మాత్రం ఆ దారి పట్టకూడదు, జీవితాంతం లేతగానే ఉండాలి. "నువ్వు ముదరొద్దు, అలాగే ఉండు" అని దానికి రోజూ ఎవరో ఒకరు చెబుతూ ఉండాలి. ఆ చెప్పేవాళ్లలో టీజీఎఫ్-బీటా ముందుంటుంది. వయసు మీదపడేకొద్దీ ఆ మాట అందుకునే గ్రాహకాల్లో ఒక రకం తగ్గి, స్మాడ్2, 3కి బదులు స్మాడ్1, 5, 8 అనే వేరే ముఠా వైపు మొగ్గుతుంది. వీళ్లు ముదరమనే చెబుతారు. ముసలి ఎలుకల్లో ఇది బాగా చూశారు. అరిగిన మోకాళ్లలో పదో రకం కొలాజెన్, అంచుల్లో ఎముక ముళ్లు కనబడేది అందుకే: ఎప్పుడో చిన్నప్పుడు వేరే చోట జరగాల్సిన పని ఇప్పుడు ఇక్కడ మొదలైంది.

ఇదంతా ఎలుకల కథే అనుకోకండి. 2011లో నెదర్లాండ్స్ వైద్యులు కొన్ని కుటుంబాల్లో స్మాడ్3 జన్యువులో లోపం కనిపెట్టారు. వాళ్లకి చిన్న వయసులోనే కీళ్లు పాడయ్యాయి, గుండె నుంచి వచ్చే పెద్ద ధమని కూడా ఉబ్బుతుంది. ఒక్క కబురు మోసే ప్రొటీన్ చెడితే ఎంత దూరం పాకుతుందో చూడండి.

ఐజీఎఫ్-1 అనే ఇంకో కబురు సంగతి కూడా తెలుసుకోండి, పరీక్షలో అడగరు గానీ కథ బాగుంటుంది. ఎదుగుదల హార్మోన్ నేరుగా మృదులాస్థి మీద పనిచేస్తుందని ఒకప్పుడు అనుకునేవాళ్లు. 1957లో సాల్మన్, డాగడే అనే ఇద్దరు ఎలుక మృదులాస్థి ముక్కల్ని గాజు పాత్రలో పెట్టి, అవి సల్ఫేట్‌ని ఎంత పీల్చుకుంటాయో కొలిచారు. సల్ఫేట్ పీల్చుకోవడమంటే అగ్రెకాన్ తయారవుతోందని గుర్తు. హార్మోన్ పోస్తే పెద్దగా ఏమీ జరగలేదు. హార్మోన్ ఉన్న ఎలుక రక్తద్రవం పోస్తే పీల్చుకున్నాయి. అంటే మధ్యలో ఇంకొకరు కబురు మోస్తున్నారు. ఆ మోసేదే తర్వాత ఐజీఎఫ్-1గా తేలింది. ఆ కబురు ఉందన్న సంగతి మొదట బయటపడింది మీరడిగిన గుజ్జులోనే.

ఇక ఆపమని, కూల్చమని చెప్పేవాళ్లు. ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్ వంటివి కీలు పొరలోంచి, కణాల నుంచీ వస్తాయి. వీటి మాట విన్న కణం తను కట్టినదాన్నే కోసే ఎంజైములు వదులుతుంది. ఏడీఏఎమ్‌టీఎస్-5 అగ్రెకాన్‌ని కోస్తుంది, ఎమ్ఎమ్‌పీ-13 కొలాజెన్‌ని కోస్తుంది. ఏడీఏఎమ్‌టీఎస్-5 పనిచెయ్యకుండా చేసిన ఎలుకలకి మోకాలు వదులు చేసినా గుజ్జు అంతగా పాడవలేదని 2005లో చూపించారు. కోత మొదలయ్యాక ఇంకో తిరకాసు ఉంది. తెగిన ముక్కలే మళ్లీ కణానికి ప్రమాదం అని కబురందిస్తాయి. కణం ఇంకా ఎక్కువ ఎంజైము వదులుతుంది. ఒకసారి పడిన మోకాలు ఏళ్ల తరబడి దిగజారుతూ పోవడానికి ఇదొక కారణం.

మీ లెక్చరర్ గారిని తిరిగి అడగడానికి ఒక ప్రశ్న ఇస్తాను. ఈ కణాల్లో గడియారం కూడా ఉంది. ఎలుకల గుజ్జు కణాల్లో గడియారం నడిపే బీమల్1 జన్యువుని తీసేస్తే గుజ్జు పాడైపోయిందని మాంచెస్టర్ పరిశోధకులు 2016లో చూపించారు. పగలంతా తిరిగిన మోకాట్లో సాయంత్రానికి గుజ్జు కాస్త పలచబడి, రాత్రి పడుకున్నాక కోలుకుంటుందని ఎమ్మారై కొలతలు చెబుతాయి. మరి రాత్రిళ్లు చెరువు కాపలా కాసేవాళ్ల కణాలకి ఎవరు టైము చెబుతారు? అడిగి నాకు రాయండి.

చేపల చెరువులు చూసుకుంటాను. అరవై మూడేళ్లు. రెండు మోకాళ్లూ నొప్పే. గ్లూకోసమైన్ బిళ్లలు, కొలాజెన్ పొడి, మూడు నెలలకోసారి ఇంజెక్షన్, అన్నీ అయ్యాయండి ఆయ్. ఇప్పుడు రక్తం తీసి తిప్పి మోకాట్లో ఎక్కిస్తామంటున్నారు, వేలల్లో ఖర్చట. మీరు పోయినసారి సిగ్నల్స్ గురించి రాశారు కదా, ఆ సిగ్నల్‌నే ఇంజెక్షన్‌గా ఇచ్చెయ్యొచ్చుగా?
– ఒక రైతు, భీమవరం దగ్గర

మీ చివరి ప్రశ్న దగ్గరే మొదలెడతాను, అందులో పస ఉంది.

టీజీఎఫ్-బీటాని ఎలుకల మోకాట్లో ఎక్కించి చూశారు. గుజ్జులో అగ్రెకాన్ పెరిగింది నిజమే, కానీ దాంతోపాటు కీలు పొర గట్టిపడింది, అంచుల్లో ఎముక ముళ్లు మొలిచాయి. గుజ్జుకి మేలు చేసే కబురు పక్కనున్న పొరకి వేరే రకంగా వినబడింది. ఎక్కడ, ఎంత, ఎప్పుడు అన్నది లేకుండా కబురు మాత్రమే పోస్తే ఇదే అవుతుంది. ఎఫ్‌జీఎఫ్-18 అనే ఇంకో కబురుని మందుగా చేసి, స్ప్రిఫెర్మిన్ అని పేరు పెట్టి, 549 మందికి ఇచ్చి రెండేళ్లు చూశారు. 2019లో ఫలితం వచ్చింది. ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్ల గుజ్జు, ఉత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకంటే సుమారు 0.05 మిల్లీమీటరు మందం పెరిగింది. పెరగడం గొప్పే. నొప్పి మాత్రం అంతగా తేడా లేదు. గుజ్జులో నరాలు లేవని గుర్తుంచుకోండి, నొప్పి వచ్చేది కీలు పొర నుంచి, అడుగు ఎముక నుంచి.

గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ బిళ్లల మీద 1,583 మందితో అమెరికాలో చేసిన పెద్ద పరీక్ష 2006లో వచ్చింది. మొత్తం మీద ఉత్తి బిళ్లకంటే మెరుగని తేలలేదు. నొప్పి బాగా ఎక్కువున్న చిన్న గుంపులో రెండూ కలిపి వాడితే కొంత ఊరట కనిపించింది గానీ, దాని మీద ఆశపెట్టుకుని నెలనెలా డబ్బు తగలెయ్యమని నేను చెప్పను. కొలాజెన్ పొడిని మీ కడుపు మిగతా మాంసకృత్తుల్లాగే అరిగించేస్తుంది. పొడి డబ్బా మీద మోకాలి బొమ్మ ఉందని అది తిన్నగా మోకాలికి పోదు. అంతకంటే మీ చెరువు చేప తినండి, సొంత సరుకు.

మూడు నెలలకోసారి ఇంజెక్షన్ అన్నారు, అది స్టెరాయిడ్ అయివుంటుంది. వాచి వేడెక్కిన మోకాలికి అరుదుగా ఒకటి ఇస్తే కొన్ని వారాలు హాయిగా ఉంటుంది, నేనూ ఇస్తాను. కానీ 140 మందికి రెండేళ్లపాటు మూడు నెలలకోసారి ఇచ్చి చూసిన పరీక్ష 2017లో వచ్చింది. సెలైన్ తీసుకున్నవాళ్లకంటే నొప్పి తగ్గలేదు సరికదా, గుజ్జు ఎక్కువ పోయింది. ఇక రక్తం తిప్పి ఎక్కించడం, అదే పీఆర్పీ. 288 మందితో ఆస్ట్రేలియాలో చేసిన పరీక్ష 2021లో వచ్చింది. ఏడాది తర్వాత నొప్పిలోనూ, గుజ్జు పరిమాణంలోనూ సెలైన్‌కీ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ వేలు ఇంట్లో ఉంచుకోండి.

మీరు బరువెంతో రాయలేదు. ఉత్తరంలో రోజూ చెరువు గట్టు మీద బండి మీదే తిరుగుతానని రాశారు కాబట్టి అంచనా వేస్తున్నాను. ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల బరువు తగ్గుతుందని 2005లో కొలిచి చూపించారు. ఐదు కిలోలు తగ్గారనుకోండి, లెక్క మీరే వేసుకోండి, మేత లెక్కలు వేసేవాళ్లకి నేను చెప్పాలా. పైగా కొవ్వు ఊరికే కూర్చోదు, లెప్టిన్ వంటివి వదులుతూ కీలులో వాపుకి ఎగదోస్తుంది. బరువు మొయ్యని చేతి వేళ్ల కీళ్లు కూడా లావుపాటివాళ్లలో ఎక్కువగా పాడవుతాయంటే అందుకే. బండి ఇంట్లో పెట్టి గట్టు మీద నడవండి. వానాకాలం జారుడు గట్టు అయితే రోడ్డు మీద.

నరసాపురం పక్క పల్లె మాది. ఇరవై ఏళ్లుగా లేసు అల్లుతున్నాను. పొద్దున్నే వేళ్లు బిగిసిపోయి గంట దాకా సూది పట్టుకోలేను. రెండు చేతులకీ ఒకేలా వాపు. రుమటాయిడ్ అని చెప్పి మెథోట్రెక్సేట్ రాశారు. మందుల షాపతను అది క్యాన్సర్ మందమ్మా అన్నాడు. భయమేసి మానేశాను. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.
– ఒక సోదరి

అమ్మా, మానెయ్యకండి. రాసిన డాక్టరు గారి దగ్గరికి ఈ వారమే వెళ్లి మళ్లీ మొదలుపెట్టండి.

పైన చెప్పిన వాళ్ల జబ్బు వేరు, మీది వేరు. మీ ఒంట్లో రోగనిరోధక శక్తి పొరపాటున కీలు పొర మీద పడింది. ఆ పొర ఉబ్బి, పాకి, గుజ్జునీ ఎముకనీ అంచుల నుంచి తింటుంది. టీఎన్‌ఎఫ్ అనే కబురు ఇక్కడ ప్రధాన దోషి. ఆ ఒక్కదాన్ని అడ్డుకుంటే జబ్బు తగ్గుతుందని 1990ల్లో లండన్‌లో చూపించిన ఇద్దరిలో ఒకరు రవీందర్ మైనీ, లూధియానాలో పుట్టినాయన. ఆ మందులు ఖరీదు. మీకు రాసినది చవక, చాలామందికి అదే మొదటి మందు, బాగా పనిచేస్తుంది కూడా.

క్యాన్సర్‌కి వాడతారన్నది నిజం. అక్కడ మోతాదు ఎన్నో రెట్లు ఎక్కువ. మీకిచ్చేది చిన్న మోతాదు, వాపు కబుర్లని అణచడానికి. ఇంకో సంగతి చెబితే మీ భయం కొంత తగ్గుతుందేమో. ఆ మందు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో తయారైంది. ఆ పరిశోధనని నడిపించినాయన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో మన భీమవరంలోనే పుట్టారు. మెథోట్రెక్సేట్‌తోపాటు మీకు రాసే ఫోలిక్ యాసిడ్ కూడా అదే ప్రయోగశాలలో, ఆయన బృందమే 1945లో కృత్రిమంగా తయారుచేసింది. మందూ మనవాడిదే, విరుగుడూ మనవాడిదే.

భయపడాల్సింది ఒక్కదానికే. ఇది వారానికి ఒక్క రోజు మాత్రమే వేసుకోవాలి. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. క్యాలెండర్ మీద ఒక వారం పేరు, ఆదివారమే అనుకోండి, దానికి ఎర్ర సున్నా చుట్టండి. ఫోలిక్ యాసిడ్ ఇంకో రోజు. రక్తపరీక్షలు, అంటే రక్తకణాలు, లివరు, కిడ్నీ, చెప్పిన వేళకి చేయించుకోవాలి. గర్భం వచ్చే అవకాశం ఉంటే ముందే డాక్టరు గారితో చెప్పాలి, ఈ మందు మీద గర్భం దాల్చకూడదు. జ్వరం, నోట్లో పుళ్లు, ఆయాసం, ఆగని దగ్గు వస్తే తర్వాతి బిళ్ల ఆపి వెంటనే కనబడాలి. మందు పట్టు దొరకడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నాలుగు వారాలకే "పనిచెయ్యట్లేదు" అని మానెయ్యొద్దు.

లేసు పని మానమని చెప్పను. వాపు ఎక్కువున్నప్పుడు తగ్గించి, గోరువెచ్చటి నీళ్లలో వేళ్లు ఆడించి, తర్వాత పట్టుకోండి.

కొబ్బరి దింపు తీస్తాను. వయసు ముప్పై ఎనిమిది. కూర్చుని లేస్తే మోకాళ్లు టకటకమంటాయి. మెటికలు విరిచే అలవాటు కూడా ఉంది. గుజ్జు అయిపోతుందా?
– రాజోలు నుంచి

నొప్పి, వాపు లేకుండా వచ్చే చప్పుడుకి మందు లేదు, అక్కర్లేదు. మెటికల సంగతి డొనాల్డ్ అంగర్ అనే అమెరికా డాక్టరు తన మీదే తేల్చుకున్నాడు. అరవై ఏళ్లకి పైగా ఎడమ చేతి మెటికలే విరిచి, కుడిచేతివి వదిలేశాడు. చివరికి రెండు చేతుల్లోనూ కీళ్లవాతం లేదు. దానికి 2009లో ఇగ్ నోబెల్ అనే సరదా బహుమతి ఇచ్చారు. ఒక మనిషి లెక్క శాస్త్రం కాదనుకోండి, కానీ ఆయన ఓపికకి దణ్ణం పెట్టాలి.

మీ పనిలో నేను చూసేది వేరు. చెట్టు దిగేటప్పుడు చివరి నాలుగడుగులు చాలామంది దూకేస్తారు. పైన పీజోల గురించి రాసింది చదివించుకోండి. పీజోలు తెరుచుకునే దెబ్బ అదే. కాళ్లకి బందం ఉండగానే నేల తాకాలి. ఒకవేళ ఎప్పుడైనా మోకాలు మధ్యలో పట్టేసి చాపడానికి రాకపోయినా, నడుస్తుంటే కాలు జారిపోయినట్టు వదిలేసినా, దెబ్బ తగిలిన గంటల్లోనే వాచినా, చప్పుడు కింద కొట్టెయ్యకండి. నెలవంక ఆకారపు మెత్తటి దిండు చిరిగిందో, లోపలి తాడు తెగిందో చూడాలి. అప్పటిదాకా చెట్టెక్కొద్దు. ఎమ్మారై తీయిస్తే రిపోర్టు జిరాక్సు పంపండి. ఫిల్ము పంపొద్దు, పోయినసారి ఒకరిది పోస్టులో నాలుగు మడతలై వచ్చింది, ఏ కాలిదో కూడా తెలియలేదు.